అమ్మ మంచం దగ్గర... అక్కా చెల్లెలూ

మన సినిమాల్లో తల్లి కన్నుమూసే సీనుకి ఒక పద్ధతి వుంది. పాఠకులకి నేను కొత్తగా చెప్పాలా? మంచం, మంచం పక్కన మందు సీసా, కిటికీలోంచి గాలి, రెపరెపలాడే దీపం. పండరీబాయిగారో, నిర్మలమ్మగారో, అన్నపూర్ణగారో రెండుసార్లు దగ్గుతారు. మంచానికి ఇటు ఒక బిడ్డ, అటు ఒక బిడ్డ. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తల్లి వణికే చేతులతో ఆ చెయ్యీ ఈ చెయ్యీ తీసుకుని ఒకదాంట్లో ఒకటి పెడుతుంది. తల వాల్చేస్తుంది. షెహనాయి! హాలంతా ముక్కులు చీదే చప్పుడు. ఇంటికెళ్ళే ముందు 'శుభం' కార్డు.

ఈ సీనుని నేను ఎగతాళి చెయ్యడం లేదు. ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు తడుస్తూనే వుంటాయి. అయితే ఒక సందేహం మాత్రం ఎప్పుడూ పీడిస్తూ వుండేది. ఇంత కాలం మాట్లాడుకోని తోబుట్టువులు, తల్లి చేతులు కలిపినంత మాత్రాన కలిసిపోతారా? పాడె లేచాక ఏమవుతుంది? కెమెరా అక్కడ ఆగిపోతుంది కాబట్టి దర్శకుడికి ఆ బాధ లేదు. బతికున్న వాళ్ళకి వుంది.

దీనికి జవాబు నాకు ఏ సినిమా హాల్లోనూ దొరకలేదు. సికిందరాబాదు బోయిన్‌పల్లిలో, మా పెద్దమ్మ ఇంట్లో దొరికింది. ఆ సంగతి చెప్పబోయే ముందు, సినిమా పత్రిక గనక, సినిమావాళ్ళ ఇంటి కథ ఒకటి చెబుతాను. ఇది కల్పన కాదు, హాలీవుడ్ చరిత్ర.

ఒక తల్లి, మూడు ఆస్కార్లు

'గాన్ విత్ ద విండ్'లో మెలనీగా నటించిన ఒలీవియా డి హావిలండ్‌నీ, హిచ్‌కాక్ 'రెబెక్కా'లో నటించిన జోన్ ఫాంటేన్‌నీ ఎరగని సినిమా అభిమాని వుండడు. వాళ్ళిద్దరూ సొంత అక్కాచెల్లెళ్ళన్న సంగతి మాత్రం అందరికీ తెలియదు. ఇద్దరూ టోక్యోలో పుట్టారు. అక్క 1916లో, చెల్లెలు 1917లో. తల్లి లిలియన్ కూడా నటే. పిల్లల్ని తీసుకుని కాలిఫోర్నియా వచ్చి పెంచింది. చెల్లెలు తెరపేరుగా మారుతండ్రి ఇంటిపేరు పెట్టుకుంది.

1942లో ఉత్తమనటి ఆస్కార్‌కి ఇద్దరి పేర్లూ పోటీలో వున్నాయి. బహుమతి 'సస్పిషన్'లో నటించిన చెల్లెలికి వచ్చింది. అక్కకి ఆ తర్వాత రెండు ఆస్కార్లు వచ్చాయి గానీ, 1947లో మొదటిది అందుకున్న రాత్రి చెల్లెలు అభినందించడానికి దగ్గరకొస్తే అక్క ముఖం తిప్పుకుందని ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ తర్వాత కలుసుకున్నారు, మళ్ళీ విడిపోయారు. పూర్తిగా తెగిపోయింది ఎప్పుడో తెలుసా? 1975లో, తల్లి మరణం దగ్గర!

అప్పటికి లిలియన్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు. కాన్సరు. వైద్యం విషయంలో ఇద్దరికీ పడలేదు. చెల్లెలు ఊరూరా నాటకం ఆడుతూ దూరంగా వుంది. కబురు తనకి సకాలంలో అందలేదనీ, సంస్మరణ సభకి కూడా తను పట్టుబడితేనే చోటు దక్కిందనీ చెల్లెలి ఆరోపణ. అక్క వైపు కథ వేరు. ఎవరి మాట నిజమో తేల్చడం మన పని కాదు. ఆ సభ తర్వాత వాళ్ళిద్దరూ దాదాపు నలభై ఏళ్ళు బతికీ మాట్లాడుకోలేదన్నది మాత్రం నిజం. పెళ్ళీ ఆస్కారూ తనకే ముందు వచ్చాయి, చావు కూడా తనకే ముందు వస్తే అక్క మండిపడుతుందని చెల్లెలు 1978లో చమత్కరించింది. ఆ మాటే నిజమైంది. జోన్ 2013లో పోయింది. ఒలీవియా 2020లో, నూటనాలుగేళ్ళ వయసులో, పారిస్‌లో కన్నుమూసింది.

చూశారా! తల్లి మరణం వాళ్ళని కలపలేదు సరికదా, మిగిలున్న ఒక్క దారాన్నీ తెంపేసింది. మంచం దగ్గర చేతులు కలిపే సీను వాళ్ళకి దక్కలేదు. ఎందుకంటే ఆ మంచం దగ్గర ఇద్దరూ ఒక్కసారిగా లేరు.

ఇహ బోయిన్‌పల్లికి వస్తాను.

తేదీ చేసిన తేడా

పెద్దమ్మ అంటే మా అమ్మకి సొంత అక్క. పాత బోయిన్‌పల్లిలో రెండు గదుల పాత ఇల్లు, ముందు జామచెట్టు. తెల్లవారుజామున కూరగాయల మార్కెట్టుకి వచ్చే లారీల మోతే ఆ వీధికి అలారం. పెద్దమ్మకి ఇద్దరు కూతుళ్ళు. పేర్లెందుకు? నాకు పెద్దక్క, చిన్నక్క.

చిన్నప్పుడు వాళ్ళిద్దరూ ఒకే జడ రిబ్బను రెండుగా కత్తిరించి పంచుకున్న రకం. మంగళవారం తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళేవాళ్ళు. పెద్దక్కకి 1983లో పెళ్ళయి కాజీపేట వెళ్ళింది. చిన్నక్కకి 1988లో అయింది. కాపురం బోయిన్‌పల్లిలోనే, తల్లి ఇంటికి రెండు వీధుల అవతల.

ఈ రెండు పెళ్ళి తేదీలూ గుర్తుంచుకోండి. కథంతా వాటి మధ్యనే వుంది.

1962లో 'రక్త సంబంధం' వచ్చింది. అంతకు ముందు జంటగా అలరించిన ఎన్.టి. రామారావు, సావిత్రి అందులో అన్నాచెల్లెళ్ళుగా నటించి ఆంధ్రదేశాన్ని ఏడిపించారు. ఆ అన్నగారే 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం మట్టుకు సవరించి, తాతల నాటి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలు అప్పటికి ఆ ఊసే ఎత్తలేదు. గొప్ప చట్టం! 1986లో వచ్చినా 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఏ చట్టానికైనా ఒక గీత వుంటుంది కదా, దీనికీ వుంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఇది వర్తించదు.

అంటే ఏమిటి? 1983లో పెళ్ళయిన అక్కకి లేదు. 1988లో పెళ్ళయిన చెల్లెలికి వుంది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు!

మా పెదనాన్నగారి తాతల నాటి భూమి మేడ్చల్ వైపు వుండేది. 1994లో అన్నదమ్ముల మధ్య పంపకాలు జరిగినప్పుడు కాగితాల మీద చిన్నక్క పేరు ఎక్కింది. పెద్దక్క పేరు ఎక్కలేదు. "నీ పెండ్లికి కట్నం ఇచ్చినం గద, అదే నీ వాటా" అన్నారు పెద్దలు. పెద్దక్క చెల్లెలి ముఖంలోకి చూసింది. చెల్లెలు తలొంచుకుంది. అంతే. గొడవ లేదు, కేకల్లేవు, కోర్టు లేదు. మాటలు ఆగిపోయాయి.

2001లో పెదనాన్న పోయినప్పుడు ఇద్దరూ వచ్చారు. ఒకరు ఆ గోడకి ఆనుకుని, ఒకరు ఈ గోడకి ఆనుకుని కూర్చున్నారు. పదకొండో రోజు భోజనాలయ్యాయి, వెళ్ళిపోయారు.

2005లో కేంద్రం చట్టం మార్చింది. పెళ్ళెప్పుడయిందన్న తేడా పోయింది, కూతుళ్ళందరికీ హక్కు వచ్చింది. తండ్రి బతికున్నా లేకున్నా ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ ఒక మెలిక. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిపోయిన పంపకాలని తిరగదోడకూడదు. మా వాళ్ళది 1994 పంపకం. అంచేత చట్టం ఎంత మారినా ఆ గీత చెరిగేది కాదు. చెరపగలిగితే ఆ ఇద్దరే చెరపాలి.

నిమిషం లేని ఫోను

2023 వేసవిలో చిన్నక్క నాకు ఫోను చేసింది.

"తమ్మీ, అక్క నంబరు ఉన్నదా నీ దగ్గర?"

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె నోట 'అక్క' అన్న మాట నేను వినలేదు. నంబరిచ్చాను. పెద్దమ్మకి ఎనభై నాలుగేళ్ళు. కాన్సరు కాలేయానికి పాకింది. ఇంక వైద్యమేమీ లేదు, నొప్పి లేకుండా చూసుకోవడమే, ఇంటికి తీసుకెళ్ళండని డాక్టర్లు చెప్పేశారు.

ఆ ఫోనులో చిన్నక్క ఏమందో తర్వాత పెద్దక్క నాకు చెప్పింది. "అమ్మకు బాగలేదు. రావాలనుకుంటే ఇప్పుడే రా. అయినంక రాకు." అంతే. కుశల ప్రశ్నల్లేవు. నిమిషం కూడా పట్టలేదు. రచయితలు ఎవరైనా రాస్తే ఆ డైలాగుని నిర్మాత కొట్టేస్తాడు, కఠినంగా వుందని! కానీ జోన్ ఫాంటేన్‌కి జీవితమంతా అందలేదని బాధపడ్డ కబురు ఇదే కదా. పెద్దక్కకి ఇది వేళకి అందింది. మర్నాడే రైలెక్కి సికిందరాబాదులో దిగి, ఆటోలో బోయిన్‌పల్లి వచ్చేసింది.

గుమ్మంలో కౌగిలింతలు జరగలేదు. "వచ్చినవా?" అంది చిన్నక్క. "ఆ" అంది పెద్దక్క. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, సరాసరి తల్లి మంచం దగ్గరకి వెళ్ళింది.

రెండొందల పేజీల నోటుబుక్కు

ఉపశమన వైద్యం తెలిసిన నర్సు ఒకామె ఇంటికి వచ్చి పద్ధతులు నేర్పింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. మింగలేకపోతే తడి దూదితో పెదవులూ నాలుకా తుడవాలి. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. అర్ధరాత్రయినా సరే, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పదు.

మార్ఫిన్ అనగానే పెద్దక్క బెదిరింది. అలవాటవుతుందనీ, ప్రాణం త్వరగా పోతుందనీ ఎవరో చెప్పారట. అవి రెండూ ఉత్త భయాలనీ, డాక్టరు చెప్పిన లెక్కలో ఇస్తే నొప్పి తగ్గడమే తప్ప ఆయుష్షు తగ్గదనీ నర్సు నచ్చజెప్పింది. ఒకప్పుడు ఈ మందు దొరకడమే గగనంగా వుండేది. 2014లో పార్లమెంటు చట్టం సవరించాక ఆసుపత్రులకి తెచ్చుకోవడం కొంత తేలికైంది. మన ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం కూడా వుంది. ఇలాంటి అవసరం ఏ పాఠకుడికీ రాకూడదు గానీ, వస్తే తెలిసుండడం మంచిది.

మాత్రల లెక్క తప్పకుండా వుండాలని నర్సు ఒక నోటుబుక్కు పెట్టమంది. రూళ్ళది, రెండొందల పేజీలది. పగలు చిన్నక్క, రాత్రి పెద్దక్క. ఎవరి డ్యూటీలో జరిగింది వాళ్ళు రాయాలి. మాట్లాడుకోని ఇద్దరికి ఇంతకన్నా వీలైనదేముంది! ఆ నోటుబుక్కు నేను చూశాను.

మొదటి రోజు: "రాత్రి 2. గోలీ ఇచ్చిన. నీళ్ళు రెండు చెంచాలు." "పొద్దుగాల 6. గోలీ ఇచ్చిన. పక్క మార్చిన."

మూడో రోజు, అదే వరసలో, చిన్నక్క చేతిరాత: "చాయ్ ఫ్లాస్కుల ఉన్నది."

నాలుగో రోజు, పెద్దక్క చేతిరాత: "నువ్వు తిన్నవా?"

దాని కింద: "తిన్న. నీ బీపీ గోలీ ఏసుకున్నవా?"

ఆ తర్వాత పేజీల్లో గోలీల లెక్క తక్కువ, ఇతర విషయాలు ఎక్కువ. మనవడి పరీక్షలు, మోకాళ్ళ నొప్పులు, మార్కెట్లో టమాటా ధర. అమ్మ జామచెట్టు కింద ఎవరికోసమో కలవరించిందని ఒకరు రాస్తే, ఆమె ఎవరో మరొకరు గుర్తుచేశారు. ఎనిమిదో రోజుకి రాయడం మానేశారు. ఎదురెదురుగా కూర్చుని చెప్పుకుంటుంటే రాయడం దేనికి?

వంటింట్లో జరిగింది

అసలు మాట తొమ్మిదో రాత్రి వచ్చింది. నేను ముందుగదిలో చాప మీద పడుకున్నాను. రెండు గంటల మాత్ర వేశాక ఇద్దరూ వంటింట్లో చాయ్ పెట్టుకుంటున్నారు. చిన్నక్కే మొదలుపెట్టింది.

"అప్పుడు నా చేతుల ఏం లేకుండె అక్కా."

"నాకెరుక లేదా?" అంది పెద్దక్క. "భూమికి నేను ఏడ్వలే. 'అక్కకు అన్యాయమైంది' అని నీ నోట ఒక్క మాట వస్తదేమో అని చూసిన. అది రాలే."

చాలాసేపు స్టవ్వు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడంటున్న" అంది చిన్నక్క. "నీకు అన్యాయమే అయింది."

పెద్దక్క జవాబు చెప్పలేదు. కప్పుల్లో చాయ్ పోసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి, "చక్కెర ఎక్కువేసినవు" అంది.

అది క్షమాపణో, కోపమో, ప్రేమో నేను చెప్పలేను. మూడూ వుండొచ్చు. పక్కగదిలో పెద్దమ్మ నిద్రపోతోంది. ఆమె ఈ మాటలు వినలేదు. సినిమా అయితే తప్పకుండా వినేది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు జారేవి. ఇక్కడ తల్లికి తెలియకుండానే బిడ్డలు కలిశారు. వాళ్ళని ఒక ఇంట్లో పెట్టి, ఒకే పని చేయించింది మాత్రం ఆమే.

పెద్దమ్మ చివరి మాటలు కూడా రచయితలకి పనికొచ్చేవి కావు. కంటోన్మెంటులో నీళ్ళ కోసం బతుకంతా కాచుకున్న మనిషి. పదో రోజు కళ్ళు తెరిచి, "మోటరు బంద్ చెయ్యిండ్రి, ట్యాంకు నిండింది" అంది. మోటరు అసలు నడవడమే లేదు! ఇద్దరక్కలూ ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వుతూనే కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పన్నెండో రోజు తెల్లవారుజామున, లారీలు వచ్చే వేళకి, పెద్దమ్మ వెళ్ళిపోయింది.

తెర మీద నిజం చెప్పినవాళ్ళు

అయితే సినిమా ఈ నిజం ఎప్పుడూ చెప్పలేదా అంటే, చెప్పింది. 1960లో ఋత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా'లో ఇంటిని మోసే అక్క, ఆమె మనిషినే పెళ్ళాడే చెల్లెలు, చూసీ చూడనట్టు వూరుకునే తల్లి కనిపిస్తారు. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మన బాలచందర్ 1976లో జయప్రదతో తీసిన 'అంతులేని కథ' కూడా ఇల్లు మోసే కూతురి కథే. 1993లో వచ్చిన 'మాతృదేవోభవ'లో చావు దగ్గరపడ్డ తల్లి బిడ్డల్ని తలో ఇంటికీ అప్పగిస్తుంది. వేటూరికి జాతీయ బహుమతి తెచ్చిన చిత్రమది. ఆ బిడ్డలు పెద్దయ్యాక ఎక్కడ, ఎలా కలుస్తారన్న రెండో భాగం మాత్రం ఆ సినిమాలో లేదు.

స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ 1972లో 'క్రైస్ అండ్ విస్పర్స్' తీశాడు. అందులో చావుబతుకుల్లో వున్నది అక్కచెల్లెళ్ళలో ఒకరు. మిగతా ఇద్దరు ఒకరోజు హఠాత్తుగా దగ్గరవుతారు, ముఖాలు నిమురుకుంటారు. అంత్యక్రియలయ్యాక ఒకామె ఆ రోజు గుర్తుచేస్తే రెండో ఆమె చల్లగా తప్పించుకుంటుంది. ఆవేశంలో కలిసిన చేతులు అంతే సులువుగా విడిపోతాయని ఆయన చెప్పాడు.

2023లో వచ్చిన 'హిజ్ త్రీ డాటర్స్' మా బోయిన్‌పల్లి ఇంటికి ఇంకా దగ్గర. న్యూయార్కులో ఒక అపార్టుమెంటు, పోబోయే తండ్రి, ఒకరికొకరు పడని ముగ్గురు కూతుళ్ళు. ఆసుపత్రి కాగితాల గురించీ ఫ్రిజ్‌లో ఆపిల్ పళ్ళ గురించీ పోట్లాడుకుంటారు. అన్నాళ్ళూ ఇంట్లో వుండి సేవ చేసిందెవరో మెల్లిగా బయటపడుతుంది. తండ్రి దాదాపు చివరి వరకూ తెర మీద కనిపించడు. కథ ఆయనది కాదు, పక్కగదిలో వున్న వాళ్ళది!

మన తెలుగు దర్శకులకి నా మనవి ఇదే. చేతులు కలిపే సీను తియ్యండి, కాదనను. దానికి ముందు నాలుగు రాత్రులు చూపించండి. అర్ధరాత్రి మాత్ర ఎవరు వేశారో, పక్క ఎవరు మార్చారో, చాయ్ ఫ్లాస్కులో పోసి ఎవరు పెట్టారో చూపించండి. చేతులు వాటంతటవే కలుస్తాయి.

ఇప్పుడు ఆ ఇల్లు తాళం వేసి వుంది. తల్లి పేరున వున్న ఇల్లు గనక ఇద్దరికీ సమానం. ఈసారి పెళ్ళి తేదీల పేచీ లేదు. అమ్మాలా వుంచాలా అన్నది ఇంకా తేలలేదు. ఒకరికి వుంచాలని, ఒకరికి అమ్మాలని. ఫోనులో వాదించుకుంటున్నారు. వాదించుకుంటున్నారంటే మాట్లాడుకుంటున్నారనే కదా అర్థం!

చదివేవాళ్ళలో అలిగి దూరమైన అక్కలున్నవారు, చెల్లెళ్ళున్నవారు వుంటారు. తల్లి మంచం ఎక్కితే ఒక్క పని చెయ్యండి. మంచి మాటలు దొరక్కపోతే పోనీ, కటువుగానైనా సరే, కబురు వేళకి పంపండి. అందుకున్నవాళ్ళు రైలెక్కండి. మిగతాది ఆ ఇంట్లో పని చూసుకుంటుంది.